ఫ్యామిలీకి మాత్రమే

ఇల్లు కిరాయికిచ్చి బాగుపడ్డవాళ్ల కథలు మీరు చాలా వినే ఉంటారు. ఇది అటువంటిది కాదు. ఉన్న ఇంటిని బాగుచేయించి, కోరి కోరి కిరాయిదారుణ్ని తెచ్చుకుని, నా తెలివితో నేనే ఎలా మునిగానో చెబుతాను. చివరికి మీకు నవ్వు రాకపోతే నన్నేమీ అనకండి, నాకూ రాలేదు.

శంషాబాద్‌లో మాది కిరాణా దుకాణం. దాని వెనకే మా బాపు కట్టిన పాత ఇల్లు ఉండేది, అందులో మేం ఉప్పు బస్తాలు వేసుకునేవాళ్లం. కొత్తగా విమానాశ్రయం వచ్చాక ఊళ్లో అందరికీ పట్టిన పిచ్చే నాకూ పట్టింది. టై కట్టుకున్న ఆఫీసరెవరో వచ్చి నా ఇంట్లో దిగుతాడని కలగన్నాను. ముఖం కనిపించేంత నున్నటి టైల్స్ వేయించాను. కుర్చీ మీదలా కూర్చునే దొరల మరుగుదొడ్డి పెట్టించాను. మా ఆవిడ సుజాత గుమ్మంలో నిలబడి చూసింది.

"ఉప్పు బస్తాలేసే ఇంట్ల గీ అద్దాలేందయ్యా?"

"ఆఫీసర్లొస్తరు. నీకు తెల్వదు, ఊకో."

బ్రహ్మచారులు తాగి గోల చేస్తారని విన్నాను కాబట్టి గేటుకు 'ఫ్యామిలీకి మాత్రమే' అని బోర్డు కట్టాను. నా నాశనానికి శంకుస్థాపన అదే.

ఆఫీసర్లెవరూ రాలేదు. చివరికి శ్రీకాంత్ అనే పిల్లగాడొచ్చాడు. విమానాల్లోకి సామాను ఎక్కించే పని అతనిది.

"పెండ్లయిందా తమ్మీ?"

"కాలే అన్నా."

"ఒక్కనివైతే ఇయ్య."

"ఫ్యామిలీని తెస్తే ఇస్తవా?"

"తే, ఇస్త."

ఆదివారం ఆటో వచ్చి ఆగింది. ముందు ఒక చేతికర్ర దిగింది, తర్వాత ఒక రేకు పెట్టె దిగింది, ఆ తర్వాత చాలాసేపటికి ఒక ముసలమ్మ దిగింది. గాలికి పడిపోయేలా ఉంది.

"గిదేంది తమ్మీ, ఫ్యామిలీ అంటివి?"

"గీమెనే అన్నా నా ఫ్యామిలీ. మా నాయనమ్మ. అమ్మ, నాయిన లేరు. ఊర్ల ఒక్కతే ఉంటుండె. నువ్వు అడిగినవని ఇంటికి తాళమేసి తోల్కొచ్చిన."

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "సల్లగుండు బిడ్డా. నీ పుణ్యాన మనుమని దగ్గరుంట." ఇక కాదని ఎలా అంటాను?

ఆ సాయంత్రమే సుజాత నా గుండెలో రాయి వేసింది. "గామెకు మనింట్ల ఏమన్నయితే?" పరుగున మా పంతులు దగ్గరికి వెళ్లాను. ఆయన నింపాదిగా చెప్పాడు. నెల నెలా ఒక ఐదు రోజులు చెడ్డ నక్షత్రాలు వరసగా వస్తాయి. ధనిష్ఠా పంచకం అంటారు. ఆ రోజుల్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసేయాలి. అటువంటి ఇంటికి తర్వాత కూడా ఎవరూ రారు.

ఇంక చూడండి నా అవస్థ. మర్నాడే దుకాణంలో పంచాంగం క్యాలెండరు తగిలించాను. అవ్వ జారిపడుతుందేమోనని, ముచ్చటపడి వేయించిన టైల్స్ పగలగొట్టించి గరుకు బండలు పరిపించాను. దొరల దొడ్డి మీద కూర్చోవడానికి ఆవిడ భయపడితే దాన్నీ పీకించాను. గోడల పొడుగునా పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు పెట్టించాను. ఆఫీసరు కోసం మొదలుపెట్టిన ఇల్లు ఆస్పత్రి వార్డులా తయారైంది.

పంచకం రోజుల్లో నా భక్తి మీరు చూడాలి. పొద్దున్నే పాల ప్యాకెట్టు, బ్రెడ్డు, గ్లూకోజు పొడి పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాణ్ని.

"అవ్వా, ఎట్లున్నవ్? ఆయాసమున్నదా? డాక్టర్ని పిలువాల్నా?"

అవ్వ వాకిట్లో కూర్చుని పైన పోయే విమానాలు చూస్తుండేది. "గా ఇమానంల మూటలు మావోడే ఎక్కిచ్చిండు," అనేది. ఒకసారి మాత్రం నా వైపు తిరిగింది.

"నెలకు ఐదు దినాలు నీకు నా మీద మస్తు ప్రేమ, పావురం పుడుతది బిడ్డా. మిగిలిన దినాలు యాడికి పోతది?"

"దుకాణంల పనుంటదవ్వా."

ఆవిడ బోసినోటితో నవ్వింది. అక్షరం ముక్క రాని మనిషికి నక్షత్రాల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

వానాకాలంలో అవ్వకు జ్వరమొచ్చింది. సరిగ్గా పంచకం మొదలైన రోజునే. శ్రీకాంత్ డ్యూటీ మానేసి పక్కన కూర్చున్నాడు. అవ్వ కళ్లు తెరిచి నా వైపే చూసింది.

"నన్ను మా ఊరికి తోలియ్యి బిడ్డా."

"జర తగ్గనియ్యే. ముందు దవాఖానకు పోదాం," అన్నాడు శ్రీకాంత్.

"పెద్దమనిషి మాట కాదనొద్దు తమ్మీ," అని నేను అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేశాను. దవాఖాన మా వీధి చివరే ఉంది. దాన్ని దాటుకుని పోయి జీపు మాట్లాడుకొచ్చాను. మెత్తగా పరుపు వేయించి, బత్తాయిలు పెట్టి మరీ సాగనంపాను. జీపు మలుపు తిరగగానే నా ఇల్లు దక్కిందని గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. సుజాత వీధి చివరి దవాఖాన వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

కర్మకాండ అయ్యాక శ్రీకాంత్ గుండుతో వచ్చి, గల్లాపెట్టె మీద తాళంచెవి పెట్టాడు. నేను ముందుగా అడగవలసినవి చాలా ఉన్నాయి. నా నోటి నుంచి వచ్చింది ఇది:

"ఏ నక్షత్రంల పోయింది తమ్మీ?"

"శతభిషం అన్నా. ఊరు చేరిన తెల్లారే పోయింది. ఊర్ల మా ఇల్లు మూసినం, ఆరు నెలలు."

పంచకంలోదే. "అయ్యో," అన్నాను.

"అవ్వకు పంచకం సంగతి ముందే ఎరుకనే అన్నా. జీపుల చెప్పింది. 'మనిల్లు ఎట్లాగు తాళమేసే ఉన్నది, ఇంకిన్ని దినాలు మూసుంటే ఏమైతది? గాయిన నా కోసం మళ్ల బండలేయించిండు పాపం,' అన్నది."

ఉండిపొమ్మని బతిమాలాను. కాటేదాన్‌లో దోస్తుల గదికి పోతున్నానన్నాడు. అక్కడ ఫ్యామిలీ అడగరట.

ఆ తర్వాత కిరాయికి ఎవరెవరో వచ్చారు. ఆ కడ్డీలు, ఆ బండలు చూపించడానికి నాకు మనసొప్పలేదు. "మనింట్ల ఎవ్వరు సచ్చిపోలే కద, తాళమెందుకేసినవ్?" అని సుజాత అడిగింది. నేను తాళంచెవి గల్లాపెట్టెలో పడేశాను. చెడ్డ నక్షత్రం ఏమీ సోకని నా ఇల్లు ఆరు నెలలూ మూసే ఉంది.

కాబట్టి, నా గల్లాపెట్టె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ముందు నా గేటుకు ఆ బోర్డు కట్టను, గోడకు ఆ క్యాలెండరు తగిలించను. ముసలివాళ్లను మాత్రం రోజూ పలకరిస్తాను, నెలకు ఐదు రోజులు తప్ప. ఆ ఐదు రోజులూ నాకు వాళ్ల మొహం చూసే ధైర్యం లేదు.