కూతలో కాలు తగిలితే

పోయిన వారం హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో బ్యాగు సర్దుకుంటుంటే నా కాలు పక్క సీటు అమ్మాయికి తగిలింది. నేను అనుకునే లోపలే నా చెయ్యి పోయి ఆ పిల్ల మోకాలు తాకి, వచ్చి నా కళ్ళకు అద్దుకునింది. ఆ పిల్ల చెవుల్లో వైర్లు తీసి, "ఏం కావాలాంటీ?" అనింది. ఏం చెప్పేది నా తలకాయ! ఏమీ లేదులేమ్మా అని కిటికీ తట్టు తిరిగితే, బస్సు అప్పుడే పెనుకొండ దాటుతాంది. కొండ కింద ఆ ఎర్రమన్ను చూస్తానే నవ్వొచ్చింది. ఈ పాడు చెయ్యి అలవాటుతో ఒకప్పుడు ఒక జట్టు జట్టే మునగాల్సింది.

నేను హిందూపురంలో బి.ఏ. రెండో సంవత్సరం చదివేటప్పుడు మా కాలేజీకి ఆడపిల్లల కబడ్డీ జట్టు ఒకటి ఉండేది. ఉండేది అనడమే గానీ అది గెలిచిన పాపాన పోలేదు. యాడికి పిలిచినా పోవడం, ఓడిపోవడం, వాళ్ళు పెట్టిన ఉప్మా తిని పాటలు పాడుకుంటా రావడం. ప్రిన్సిపాల్ సారుకు చూసి చూసి విసుగు పుట్టింది. పెనుకొండలో ధర్మవరం కాలేజీ వాళ్ళతో మ్యాచ్ ఉండాది, అది గూడా ఓడిపోతే ఆడపిల్లల జట్టు ఎత్తేస్తాం అని చెప్పేసినాడు. మాకేమో గానీ మా కెప్టెన్‌కు ఆ మాట గుండెల్లో గుచ్చుకునింది. ఆమెను అందరం అక్క అనేవాళ్ళం. మడకశిర మనిషి, ఆఖరి సంవత్సరం. మామూలుగా తెలుగు, కోపమొస్తే కన్నడం. మొదటి సంవత్సరంలో క్లాసు క్లాసుకూ తిరిగి, ఇండ్లకు పోయి అమ్మానాయనలను బతిమాలి ఆ జట్టు కట్టింది ఆమే. "నేనెట్లాగూ ఈ ఏడు పోతాండా. నేను పోయినంక గూడా ఈ గీతలు ఈడ ఉండల్ల మే" అని ఒకసారి గ్రౌండులో కబడ్డీ గీతలకు సున్నం పోస్తా పోస్తా అనింది.

మా జట్టు సంగతి చెప్పాలంటే, పట్టేవాళ్ళకు పట్టు రాదు. అవతలి పిల్ల కూత పెట్టుకుంటా వస్తే చాలు, మావాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కునేవాళ్ళు. ఒకామె అయితే కళ్ళు మూసుకుని పట్టేది, అదీ మావాళ్ళనే. కూతకు పోయే పిల్ల ఒక్కతే గట్టిది, ఆమెకు సరిగ్గా అప్పుడే కామెర్లు వచ్చినాయి. ఆ చోటికి అక్క నన్ను లాగింది. మాది రొద్దం పక్క పల్లె, గొర్లు కాసే ఇల్లు. గొర్ల వెంట పరిగెత్తిన కాళ్ళు, దూరం నుంచి మందను అదిలించిన గొంతు, ఇంకేం కావల్ల అనుకునింది పాపం. మా ఇంట్లో పద్ధతి ఆమెకేం తెలుసు! కాలు పుస్తకానికి తగిలినా, చాటకు తగిలినా, ఆఖరికి గొర్రెపిల్లకు తగిలినా కళ్ళకద్దుకోవాల్సిందే. లేకుంటే మా అవ్వ ఊరుకునేది కాదు.

మొదటి రోజు ప్రాక్టీసులో కూతకు పోయి, కాలు జాపి ఒకామెను ముట్టుకున్నాను. బ్రహ్మాండంగా ముట్టుకున్నాను. వెంటనే వంగి ఆమెను తాకి, కళ్ళకద్దుకుని, "అయ్యో, తప్పైందక్కా" అన్నాను. కూత ఆగిపాయ, నేను అవుటు. డ్రిల్లు సారు విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయి నవ్వినాడు. అక్క మాత్రం నవ్వలేదు. రోజూ సాయంత్రం నన్ను గ్రౌండులో నిలబెట్టి, "నన్ను తన్ను మే" అనేది. తన్నేదాన్ని. "అద్దుకోవద్దు!" అని అరిచేది. అద్దుకునేసేదాన్ని. చేతులు వెనక్కి కట్టి గూడా చూసింది. నోటితో తప్పైందనేదాన్ని. ఐదో రోజు అక్క నేల మీద కూలబడి, కన్నడంలో వాళ్ళ దేవుళ్ళందరినీ పిలిచింది. నాకు ఏడుపొచ్చింది. నావల్ల కాదక్కా, ఇంకెవరినన్నా పెట్టుకో అన్నాను. ఆమె మెల్లగా లేచి బట్టలకంటిన మన్ను దులుపుకునింది. "పోనీ, అద్దుకో. ఎంతైనా అద్దుకో. నోరు మాత్రం ఆపొద్దు." పట్టేవాళ్ళకు గూడా అట్లే చెప్పింది. "మీకు పట్టను రాదు గదా, పట్టొద్దండి. ఆ వెనక గీత దగ్గర దూరంగా నిలబడండి. వాళ్ళు వచ్చి గాలిని ముట్టుకుని పోతారు." రానిదాన్ని రుద్దకుండా ఉన్నదాంతోనే ఆడించొచ్చని డ్రిల్లు సారుకు గూడా అప్పటిదాకా తోచలేదు.

పెనుకొండలో ఆ ఎండకు మన్ను కాలుతాంది. ధర్మవరం వాళ్ళ పిల్లలు ఒక్కొక్కరు భలే ఉన్నారు. అందులో మూలన నిలబడే పిల్ల చీలమండ పట్టిందంటే వదలదని పేరు. మావాళ్ళు అక్క చెప్పినట్లే దూరంగా జరిగి జరిగి నిలబడితే, వాళ్ళు వచ్చి ఉత్త చేతులతో పోతా ఉన్నారు. చూసేవాళ్ళు "ఇదేం ఆటప్పా!" అని ఈలలేసినారు. సిగ్గేసింది, అయినా జరిగినాం. నేనూ కూతకు పోయి, దొరికితే ఒకరిని ముట్టుకుని, లేకుంటే ఊరికే వచ్చేదాన్ని. ఆఖరి నిమిషానికి ఇద్దరివీ పాయింట్లు సమానం. కూత మాది. అక్క నా వీపు మీద చెయ్యేసి, "నోరు" అనింది, అంతే.

పోయినాను. మూలనున్న ఆ పిల్ల నా కాలి కోసమే వంగి ఉండాది. కాలు జాపితే ఆమె భుజానికి తగిలింది. ఆమె రెండు చేతులూ నా చీలమండ మీదికి వస్తాండాయి. ఆ క్షణంలోనే నేను వంగి ఆమె భుజం తాకి కళ్ళకద్దుకున్నాను, నోట్లో కబడ్డీ కబడ్డీ ఆగలేదు. అప్పుడు ఆ పిల్ల, నమ్ముతారో లేదో, నా కాలు పట్టాల్సిన చెయ్యి వెనక్కి తీసుకుని తనూ కళ్ళకద్దుకునింది! "పట్టే!" అని వాళ్ళ కెప్టెన్ గొంతు చించుకునే లోపల నేను నడిమి గీత దాటేసినాను. అక్క నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పి, మన్నులో పడేసి, నా మీదే పడి ఏడ్చింది. జట్టు నిలబడింది. ప్రిన్సిపాల్ సారు మాట తప్పలేదు.

అట్లా దండాలు పెట్టి ఏమార్చేది యాడన్నా ఉందా అని ధర్మవరం వాళ్ళు రెఫరీతో గొడవేసుకున్నారు. కూడదని రూలేమీ లేదమ్మా అన్నాడాయన. నేను కొళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఆ మూల పిల్ల వచ్చి నా పక్కన నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిడుతుందనుకున్నా. "నువ్వు నిజంగానే అద్దుకుంటివా మే?" అనింది, చిన్నగా.

"నిజంగానే" అన్నాను, ఆలోచించకుండా. ఆ పిల్ల తల ఊపి, "అట్లయితే సరేలే" అని వెళ్ళిపోయింది.

ముప్పై ఏండ్లు దాటింది. ఆ పొద్దు నా చెయ్యి మా అవ్వ నేర్పిందని పోయిందో, అక్క ఆట కోసం అద్దుకోమనిందని పోయిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ మూల పిల్ల అద్దుకునింది మాత్రం నిజం. ఇన్నేండ్లలో గెలిచిన సంతోషమంతా కరిగిపోయింది గానీ, ఆ పిల్ల నన్ను నమ్మి వెళ్ళిపోయిన ఆ నాలుగడుగుల్లో కాలం ఒక్క అడుగు గూడా చెరపలేదు.