చెంబు చెప్పిన సాక్ష్యం

మా సూళ్లూరుపేట రొయ్యల షెడ్డులో తిరుమలమ్మ అంటే నోట్లో నాలుక లేని మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఐసునీళ్ల తొట్టి దగ్గరే పని. పులికాట్ నుంచి వచ్చిన రొయ్యలను ఆ నీళ్లలో ముంచుతాం, పైన ఐసుగడ్డలు తేలుతుంటాయి. వేళ్లు మొద్దుబారినా ఏనాడూ అబ్బా అనలేదు. అలాంటి మనిషిని ఒక నల్లగీత దొంగను చేసింది.

గీసినవాడు కొత్త సూపర్‌వైజరు మునిశేఖర్. మహా తెలివిగలవాడు లెండి! రొయ్యలు మాయమవుతున్నాయని అనుమానం వచ్చి, పొద్దున రొయ్యలూ ఐసూ వేశాక నీళ్లు ఎందాకా ఉన్నాయో తొట్టి లోపల గీత పెట్టాడు. మధ్యాహ్నానికి ఐసంతా కరిగినా నీళ్లు ఆ గీత దగ్గరే ఉన్నాయి. ఐసు కరిగితే నీళ్లు పెరగాలి, పెరగలేదంటే ఆ మేరకు రొయ్యలు ఎవరో తీసినట్టే అని తేల్చాడు. ఆ పూట తొట్టి దగ్గర ఉన్నది తిరుమలమ్మ ఒక్కతే. రేపటి నుంచి పనికి రావద్దన్నాడు.

ఇంతమంది ఆడవాళ్లం, ఒక్కరం అడ్డుపడలేదు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని మాతో పనిచేసే స్టెల్లా గొణిగింది. పదేళ్లు ఆమె పక్కనే నిలబడి పనిచేసిన నాకు కూడా, ఛీ, లోపల అదే అనుమానం.

తిరుమలమ్మ ఏడవలేదు. చెంబులో ఐసుగడ్డ వేసి, అంచు దాకా నీళ్లు పోసి, మునిశేఖర్ బల్ల మీద పెట్టింది. గడ్డ కొన నీళ్ల పైకి లేచి ఉంది. కరిగేదాకా చూడమంది. అందరం చుట్టూ మూగాం. చెంబు బయట పట్టిన చెమటను ఆమె కొంగుతో తుడుస్తూనే ఉంది. గడ్డ పూర్తిగా కరిగిపోయింది, అంచు మీదుగా మాత్రం ఒక్క చుక్క జారలేదు.

"తేలే ఐసు తనకు కావాల్సిన సోటు ముందే తీసుకోనుంటాదప్పా. కరిగినాక ఆ సోట్లోనే సర్దుకుంటాది" అంది.

మునిశేఖర్ మొహం చిన్నబోయింది. తప్పయిపోయింది, రేపు పనికి రా అక్కా అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"అందురూ సెంబునే సూస్తిరి. నా మొగం ఒకరన్నా సూస్తిరా?"

నాకు తల కొట్టేసినట్లయింది.

పనికి వచ్చింది. రాక ఏం చేస్తుంది! కానీ ఆ రోజు నుంచి సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు, ఎవరూ అడక్కుండానే గేటు దగ్గర సంచి బోర్లించి, టిఫిను డబ్బా మూత తీసి మునిశేఖర్‌కు చూపిస్తుంది. వద్దక్కా అని అతను తల తిప్పుకుంటాడు. అతను చూసేదాకా ఆమె కదలదు.

నిన్న మునిశేఖర్ రాలేదు. తిరుమలమ్మ తన సంచిని నా ముందు బోర్లించింది.