గోడకు అతికించిన పలకముక్క

ఆ రోజుల్లో మనిషికి కళ్లు దేవుడిస్తే, చూపు మాత్రం చేసే పని ఇచ్చేదని ఇప్పుడనిపిస్తుంది. మాది మార్కాపురం పక్కన పల్లె. జిల్లా కర్నూలు, సర్కారేమో ఎక్కడో మద్రాసులో. మీసం వచ్చీరాని వయసులో మా నాయన నన్ను పలకల పనిలో పెట్టాడు. గనిలోంచి వచ్చిన నల్లరాయిని ఉలితో పొరలు పొరలుగా విడదీస్తే బడిపిల్లలు రాసుకునే పలకలవుతాయి. మా మేస్త్రి చెప్పిన చదువంతా ఒకటే మాట: "రాయిని చూడొద్దురా, నెర్రెను చూడు. నెర్రె కనపడిందా, అవతల పారెయ్." ఆ చదువు నాకు ఎంత బాగా వంటబట్టిందంటే, ఏడాది తిరిగేసరికి లోకంలో నెర్రెలు తప్ప మరేమీ కనపడకుండా పోయాయి. మా అవ్వ వేడివేడి సంగటి ముద్ద పెడితే, ముద్ద మీది పగులు చూస్తూ కూర్చునేవాణ్ణి. (అవ్వ మొట్టికాయ వేస్తే గానీ చెయ్యి కదిలేది కాదు.)

మా గుడి గోడలో నెర్రె నాకు కనపడింది అప్పుడే. గుడి అంటే మా క్రైస్తవుల ప్రార్థన మందిరం. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు, ఒక గంట. ఆడవాళ్లు కూర్చునే వైపు గోడలో, పైనుంచి కిందికి, గుండ్లకమ్మ ఏరు వంపులు తిరిగినట్టు ఒక నెర్రె. పొద్దుటెండలో అందరూ కళ్లు మూసుకుని పాడుతుంటే, నేనొక్కణ్ణే కళ్లు తెరుచుకుని కలలోలాగా ఆ నెర్రె వెంట తిరిగేవాణ్ణి. పాదిరి అయ్యగారి ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు. కోతలయ్యాక ఆ గుడిలోనే మా మేనమామ కూతురితో నా పెళ్లి. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ ప్రాణం మీద గోడ కూలుతుందేమోనని దిగులు.

గనిలో బండ కదులుతోందని అనుమానమొస్తే, నెర్రెకు అడ్డంగా పలచటి పలకముక్కను సున్నంతో అతికిస్తాం. ముక్క విరిగితే బండ కదిలినట్టే. నేనూ గుడిగోడకు ఒకటి అతికించాను. ఇంకేముంది, ఊరంతా అయ్యగారిని వదిలేసి పలకముక్కనే చూడసాగారు. ఆడవాళ్లంతా జరిగి జరిగి మగవాళ్ల వైపు చేరారు. "దేవుడు ఇటున్నాడు, అటు కాదు!" అని అయ్యగారు ప్రసంగం బల్ల గుద్దితే, ఆ అదురుకి ముక్క విరుగుతుందేమోనని మేం ఊపిరి బిగబట్టాం.

పెళ్లికి ముందు రోజు చూస్తే ముక్క విరిగి ఉంది. "ఈ గుడిలో నేను పెళ్లి చేసుకోను" అని మొండికేశాను. మామ ముఖం నల్లబడింది. "పిల్ల నచ్చలేదని చెప్పరా, పోతాం. గోడ మీద పెట్టి మాట్లాడతావేంది?" అని తలపాగా తీసి దులిపాడు. సంబంధం తెగినట్టేననుకున్నాను. అప్పుడు వచ్చింది ఆ పిల్ల, చేతిలో సున్నం కుంచెతో, మోచేతుల దాకా తెల్లగా.

"నేనే విరగ్గొట్టినా బావా. పెళ్లికని గోడకు సున్నం కొడతాంటే కుంచె తగిలింది. గోడేం కదల్లేదు. మా తాత ఈ గోడ పెట్టిన నాటి నుంచి ఆ నెర్రె అట్లనే ఉందంట."

పెళ్లి జరిగింది. జరిగిందని అందరూ చెప్పారు. అయ్యగారు "ఈమెను భార్యగా చేసుకుంటావా?" అని అడిగినప్పుడు నేను గోడవైపే చూస్తూ "ఇంకా కదల్లేదయ్యా" అన్నానట. గుడి గుడంతా నవ్వింది. గోడ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజు ఆ పిల్ల ఏ రంగు చీర కట్టిందో, తల్లో ఏం పూలు పెట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు. సున్నం కింది నెర్రెను మాత్రం గీసి చూపించమంటే చూపిస్తాను. అది తలుచుకుంటే నవ్వొస్తుంది, వెనకాలే గుండె కలుక్కుమంటుంది.

ఇప్పుడు ఇద్దరికీ తలలు పండాయి. మొన్న ఆదివారం కూడా ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నాక నేను కళ్లు తెరిచి చూస్తూ కూర్చున్నాను. ఇంటికి నడిచొస్తుంటే మా ఆవిడ అడిగింది:

"ఏంది బావా, ప్రార్థనంతా అట్ల చూస్తా కూర్చున్నావు?"

"గోడను."

"గోడ నా వెనకాల ఉంది, నీ చూపు నన్ను దాటి పోలేదులే" అంది, కొంగు సర్దుకుంటూ.