దొరకని ముక్క

బళ్ళారి బజారులో గాజుల అంగడి నడిపే పాండురంగయ్య కూతురు ప్రతిభకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశారో లేదో అని పడుకునే ముందు లేచి చూసేది. వేసిన తాళాన్ని మళ్లీ లాగి చూసేది. "దీనిది అనుమానం జబ్బప్పా. పెండ్లయి యాడికి పోతాదో గానీ, ఆ ఇంటోళ్లకు నిద్ర ఉండదు" అని తల్లి వరలక్ష్మమ్మ నవ్వేది.

బీసీఏ చదివాక ప్రతిభకు సిరుగుప్ప రోడ్డులోని ఒక మిరప కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం దొరికింది. తుంగభద్ర కాలువ కింద పండిన ఎండుమిర్చి అంతా సీజన్లో అక్కడికే వస్తుంది. లోపల పెద్ద పెద్ద చాంబర్లు, కొయ్యతో కట్టిన అంతస్తులు, వాటి మీద పైకప్పు దాకా బస్తాలు. చాంబర్లను చల్లగా ఉంచేది గొట్టాల్లో తిరిగే అమోనియా. అది బయటికి వస్తే కళ్లు పోతాయి, ఊపిరితిత్తులు కాలిపోతాయి. చేరిన మొదటిరోజే కంప్రెసర్ చూసుకునే నెట్టికంటప్ప ఈ మాట చెప్పాడు. చెప్పి, "భయపడాకమ్మా, అలారం ఉండాది" అన్నాడు.

ఆఫీసు గదిలో మూలనున్న కంప్యూటరే ఆ అలారం. ప్రతి చాంబర్లో గాలిని చూసే సెన్సార్ ఉంటుంది. అది పంపే అంకె తెర మీద ఆకుపచ్చగా కనిపిస్తుంది. గ్యాస్ హద్దు దాటితే ప్రోగ్రామే సైరన్ మోగించి, గొట్టం మూసేయాలి. గోడ మీద ఎర్ర బటన్ కూడా ఉంది. సోమవారం సోమవారం దాన్ని నొక్కేవాళ్లు, సైరన్ మోగేది, అందరూ నిశ్చింతగా పనిలో పడేవాళ్లు.

ఆ ఏడాది మార్చిలో ఆ కంప్యూటర్ మొండికేయడం మొదలుపెట్టింది. పొద్దున వచ్చేసరికి తెర బిగుసుకుపోయి ఉండేది. ప్రతిభ ఆపి మళ్లీ వేసేది, మళ్లీ ఆకుపచ్చగా నడిచేది. యజమాని చంద్రశేఖర్‌కు చెబితే, "పాతబడిందమ్మా, కొత్తది తెప్పిస్తా. ఆ ప్రోగ్రాం దాంట్లోకి ఎక్కించు" అన్నాడు. ఆయనది గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన కుటుంబం.

ఎక్కించడం అంత సులువు కాదు. ఆ ప్రోగ్రాం రాసిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది. వాళ్లు రాసిన అసలు కోడ్ ఎవరి దగ్గరా లేదు. యంత్రానికి అర్థమయ్యేలా మార్చిన ఫైళ్లు మాత్రమే మిగిలాయి. అవి కూడా ప్రతిభ చేరకముందు ఎవరో పాత కంప్యూటర్ నుంచి దీంట్లోకి తెచ్చి పెట్టినవి. వేటిని ఉంచాలో, వేటిని వదిలేయాలో తెలియదు.

అలాంటి ఫైళ్ల కోసం, ఆ ప్రోగ్రాం రాసిన జావా భాషతో పాటు వచ్చే ఒక పనిముట్టు ఉంది. జేడెప్స్ అంటారు. బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి కిటికీలో ఒక వరుస టైపు చేస్తే చాలు, ప్రోగ్రాంలోని ఏ ముక్క ఏ ముక్క మీద ఆధారపడి ఉందో వరుసగా చెబుతుంది. కావలసిన ముక్క ఎక్కడా లేకపోతే దాని పక్కన "నాట్ ఫౌండ్" అని రాస్తుంది. ప్రతిభ ఆ ఫైళ్లన్నిటినీ తన ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, ఒక మధ్యాహ్నం కూర్చుంది.

అప్పుడే బస్తాలు కుట్టే హొన్నమ్మ నీళ్లకోసం గది ముందుకొచ్చింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఏందక్కా, ఏడ్చినావా?"

"ఏడ్చేది యాడిది మేడం? మూడో చాంబర్లో కండ్లు మండుతాండాయి. ఈసారి మిరపకాయ బలే ఘాటుండాది."

మిరపకాయల దగ్గర దగ్గు, మంట ఎవరికైనా మామూలే. ప్రతిభ తల ఊపి ఎంటర్ నొక్కింది.

వరుసలు జారుకుంటూ వెళ్లాయి. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. చివర్లో ఒకచోట "నాట్ ఫౌండ్" కనిపించింది. తానే తప్పు టైపు చేశానేమో అనుకుంది. అన్ని ఫైళ్లనూ చూపించి మళ్లీ నడిపింది. మళ్లీ అదే వరుస. ఆ లేని ముక్కను అడుగుతున్నది ఎవరా అని చూసింది. సైరన్ మోగించి గొట్టం మూసే భాగం.

జావా ప్రోగ్రాంలో ఒక ముక్క లేకపోయినా అది మొదలవుతుంది, నడుస్తుంది, ఏళ్ల తరబడి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ముక్క అవసరం పడిన క్షణంలోనే కూలుతుంది. అంటే గ్యాస్ హద్దు దాటిన క్షణంలో. గోడ మీది బటన్ తీగ నేరుగా సైరన్‌కే పోతుంది, ప్రోగ్రాంతో దానికి సంబంధం లేదు. సోమవారాలు మోగిందంతా ఆ తీగే.

కూలితే ఎలా కనిపిస్తుంది? తెర బిగుసుకుపోతుంది.

ప్రతిభ ఒక్కో పొద్దునా గుర్తుచేసుకుంది. రాత్రంతా మూసి ఉన్న చాంబర్లో గ్యాస్ పేరుకుంటుంది. తెల్లారేసరికి తెర బిగుసుకుంటుంది. పొద్దున తలుపులు తీయగానే గాలి ఆడుతుంది, అంకె తగ్గుతుంది. తను ఆపి మళ్లీ వేస్తుంది. ఇన్నాళ్లూ కంప్యూటర్ మొండికేయలేదు. అరవడానికి నోరు తెరిచి, గొంతు లేక పడిపోయింది. ప్రతిసారీ తన చేతులతోనే దాన్ని లేపి కూర్చోబెట్టింది.

తల తిప్పి మూలవైపు చూసింది. తెర ఆకుపచ్చగానే ఉంది. అంకె హద్దులోపలే ఉంది. కానీ తెర మూలనున్న గడియారం గోడ గడియారం కంటే బాగా వెనకబడి ఉంది. చూస్తూ నిలబడింది. అది కదలడం లేదు.

పగటిపూట, తలుపులు తీసి ఉండగా, అది ఎప్పుడూ బిగుసుకోలేదు. హొన్నమ్మ కళ్లు మండింది మిరప ఘాటుకు కాదు.

ఫోన్ తీసి నెట్టికంటప్పకు చేసింది. "అన్నా, మూడో చాంబర్‌కు పోయే గ్యాస్ కట్టేయ్. బేగ."

"ఏమైందమ్మా? అలారం మోగలేదే?"

"మోగదన్నా. అది మోగదు!"

పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కింది. సైరన్ షెడ్డంతా మోగింది. ఎవరూ కదలలేదు. లారీ దగ్గర లెక్క చూస్తున్న సూపర్‌వైజర్ హనుమప్ప చెయ్యూపి, "ఈ పొద్దు సోమవారమా మేడం? ఆపండి, చెవులు పోతాండాయి" అని అరిచాడు.

"లీకయింది! మూడో చాంబర్! అందర్నీ బయటికి పిలవప్పా!"

హనుమప్ప తెర వైపు చూసేందుకు గది లోపలికి నడవబోయాడు. ఆకుపచ్చ చూస్తే ఆగిపోతాడని ప్రతిభకు తెలుసు. అతనికి చెబుతూ కూర్చునే సమయం లేదు. చున్నీని నీళ్ల డ్రమ్ములో ముంచి ముక్కుకు కట్టుకుని చాంబర్లోకి దూరింది.

లోపల చలికి వెన్ను జలదరించింది. మొదట మిరప ఘాటే. నాలుగు అడుగులు వేసేసరికి దాని కింద మరో వాసన, కళ్లలో సూదులు గుచ్చినట్టు. కింద ఉన్న హమాలీలు ఆమె ముఖం చూసే బస్తాలు వదిలేసి పరుగెత్తారు. హొన్నమ్మ మెట్ల దగ్గర దగ్గుతూ నిలబడి ఉంది.

"పైన బస్తాలు కుడతా సౌభాగ్య ఉండాది మేడం! పిలిస్తే పలకల్యా!"

అమోనియా గాలి కంటే తేలిక, పైకి చేరుతుంది. ప్రతిభ మెట్ల కింద ఒక్క క్షణం ఆగిపోయింది. వెనక్కి తిరిగితే ఎవరూ ఏమీ అనరు. ఆ ఆలోచన వచ్చిందని తరువాత ఆమే చెప్పింది. అప్పుడు పైనుంచి చిన్న దగ్గు వినిపించింది.

ఆమె ఎక్కింది. కళ్లు మూసుకుని, కొయ్యపట్టీలు చేత్తో తడుముకుంటూ ఎక్కింది. సౌభాగ్య బస్తాల మధ్య బోర్లా పడి ఉంది, చేతిలో దబ్బనం అలాగే ఉంది. ప్రతిభ ఆమె చంకల కింద చేతులు వేసి మెట్లదాకా లాగింది. ఆలోపు, బయటికి పరుగెత్తిన హమాలీలను చూసి సగం మెట్లెక్కి వచ్చిన హనుమప్ప కాళ్లు అందుకున్నాడు. బయట పడ్డాక ఇద్దరూ నేలమీద వాంతి చేసుకున్నారు. అవతల నెట్టికంటప్ప తడి గోనెపట్టా కప్పుకుని వాల్వు తిప్పి బిగిస్తున్నాడు. దాని కడ్డీ చుట్టూ ఉన్న ప్యాకింగ్ అరిగిపోయి, అందులోంచే గ్యాస్ వస్తోంది. రోజు రోజుకూ కొంచెం ఎక్కువగా.

సౌభాగ్య బతికింది. చాలాకాలం ఆసుపత్రిలో ఉంది. చూపు దక్కింది, గొంతు మాత్రం బొంగురుపోయింది. చూడ్డానికి వచ్చిన చంద్రశేఖర్ మంచం పక్కన నిలబడి, "బాగానే నడుస్తోంది అనుకున్నామమ్మా" అన్నాడు. తరువాత కంప్యూటర్‌తో పనిలేకుండా నేరుగా మోగే అలారాలు పెట్టించాడు.

ఇంట్లో వరలక్ష్మమ్మ ఇప్పుడు నవ్వడం మానేసింది. "ఆ పని వద్దు తల్లీ" అంది. ప్రతిభ మానలేదు. కానీ తెర ఏదైనా బిగుసుకుంటే, అది బ్యాంకులో అయినా సరే, ఆమె ముక్కుకు ఆ వాసన తగులుతుంది.

అదే పాత ప్రోగ్రాం ఇంకో కోల్డ్ స్టోరేజీలో ఉందని తెలిసి, మొన్న అక్కడికి పిలిచారు. చల్లటి చిన్న గది, మూలన ఆకుపచ్చ తెర, కుర్చీ, టీ. ఆమె ఫైళ్లు తెచ్చుకుని ఆ వరుస టైపు చేసింది. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగింది. గోడకవతల బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"లోపల ఎంతమంది ఉండారు?" అని అడిగింది.

"ఎందుకు మేడం?"

"ముందు వాళ్లను బయటికి పిలవండప్పా. తరువాత చూస్తాను."

అక్కడి మేనేజర్ ఆమెను వింతగా చూశాడు. ప్రతిభ కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గరికి పోయి నిలబడింది. ఆఖరి మనిషి వరండాలోకి వచ్చేదాకా కదలలేదు.