శుక్రవారం పాలు

పాల క్యానుకు ముఖం ఆనించి వాసన చూడనిదే పూజారి శఠగోపానికి తెల్లవారేది కాదు. రాత్రి సీకాయపొడి వేసి తోమి, వేణ్ణీళ్లు పోసి కడిగి, తిన్నె మీద బోర్లించి పెట్టిన రెండు క్యానుల్నీ చుక్క పొడిచే వేళకు పైకి తిప్పి, వంగి, కళ్లు మూసుకొని గట్టిగా గాలి పీల్చేవాడు. పుల్లటి వాసన రవ్వంత తగిలినా మళ్లీ పొయ్యి రాజేయవలసిందే. ఆ పని అయితేనే స్నానం, నుదుట తిరుమణి, శ్రీచూర్ణం, కోవెల తాళంచెవి.

"మా సామి పెరుమాళ్ల కంటే ముందు క్యానుకు దండం పెడతాడబ్బా!" అని వయసు పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు.

"రెండు చోట్లా శుభ్రం లేకపోతే ఏదీ నిలవదు నాయనా" అని ఆయన నవ్వి వెళ్లిపోయేవాడు.

తుమ్మలకండ్రిగ పూతలపట్టు రోడ్డు నుంచి లోపలికి నాలుగు మైళ్లు. అరవై గడప. చిన్న పెరుమాళ్ల కోవెల, దాని కింద రెండెకరాల మాన్యం. బావి ఎండిపోయాక ఆ మాన్యంలో చెనక్కాయలు కూడా పండడం మానేశాయి. శఠగోపం తాతముత్తాతల నాటి నుంచీ అక్కడి కైంకర్యం ఆ ఇంటిదే. డెబ్భై నాలుగులో డెయిరీ వాళ్లు పాల కేంద్రం పెడతామని వచ్చినప్పుడు, లెక్క రాయగలిగి, ఊళ్లో రెండు వీధులవాళ్లకూ పడే మనిషి ఆయనొక్కడే కనిపించాడు. అట్లా పూజారి పాలాయన అయినాడు.

మొదటి రోజు వచ్చిన పాలు రెండున్నర లీటర్లు. పాలలో గాజు కాడ వదిలి చిక్కదనం చూస్తుంటే, "సామి పాలకు జ్వరం సూస్తా ఉండాడే!" అని ఆడవాళ్లు పడిపడి నవ్వినారు. నాటు ఆవులు పూటకు సేరు ఇస్తే గొప్ప. ఆయన ఇల్లిల్లూ తిరిగి, ఆవుకు మూడు పూటలా నీళ్లు పెట్టమని, పిండి నానబెట్టి వేయమని, గట్ల మీద పచ్చిగడ్డి కర్రలు నాటుకోమని చెప్పేవాడు. చెప్పి ఊరుకునే రకం కాదు. మగదిక్కు లేని ఇళ్ల ఆవు ఎదకు వస్తే తానే పలుపు పట్టుకొని నాలుగు మైళ్లు నడిపించి, పూతలపట్టు పశువుల ఆసుపత్రిలో సీమ జాతి చూలు సూది వేయించి తోలుకొచ్చేవాడు. దారిలో ఆవు కూలబడితే తానూ కూలబడేవాడు. అది లేచినాకే లేచేవాడు.

అట్లా పుట్టిన మొదటి పెయ్యదూడ మునిరత్నమ్మ ఇంట్లో పుట్టింది. మునిరత్నమ్మ మొగుడు పోయిన మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. దూడను చూడడానికి ఊరంతా వచ్చింది. మూపురం లేదు, గంగడోలు లేదు.

"మూపురం లేనిది ఆవెట్ల అయితాదే? దీని పాలు దేవుడికి పనికొస్తాయా?" అన్నారు.

ఆ పెయ్య పెరిగి, ఈని, పూటకు నాలుగు లీటర్లు ఇచ్చినా ఆ మాట పోలేదు. శఠగోపం రెండు నెలలు ఆలోచించినాడు. ఒక ఏకాదశి నాడు మునిరత్నమ్మ గుమ్మం ముందు నిలబడి చెంబెడు పాలు అడిగి, కాచి, పెరుమాళ్లకు ఆరగింపు పెట్టినాడు. "దూడకు పాలిచ్చేదేదైనా తల్లే. స్వామికి అభ్యంతరం కనబడలేదు" అన్నాడు బయటికొచ్చి. అంతే, ఊళ్లో మాట ఆగిపోయింది. ఎనభై మూడు నాటికి ఊళ్లో ఇరవై సూది ఆవులు. రెండు క్యానులూ మెడదాకా నిండేవి.

శుక్రవారం మాత్రం నిండేవి కావు.

శుక్రవారం నాడు పాలు గడప దాటించకూడదు. ఇంటి లక్ష్మి వెళ్లిపోతుంది. అత్త కోడలికి చెప్పింది, ఆ కోడలు అత్తయి తన కోడలికి చెప్పింది. రెండున్నర లీటర్ల నాడు ఆ లోటు ఎవరికీ తెలియలేదు. ఎనభై లీటర్లలో అది పెద్ద గుంట. ఆ పూట పాలన్నీ ఇళ్లలో తోడుకునేవి. శనివారం పొద్దున చిలికి, వెన్న తీసుకొని, మజ్జిగను పాడి లేని ఇళ్లవాళ్లకు పోసేవాళ్లు. ముసలీముతకా చెంబులు పట్టుకొని వచ్చేవాళ్లు. దానమని ఎవరూ అనేవాళ్లు కాదు.

"ఏమే, ఈ వారం మజ్జిగ ఇంత పులుపుండాదే!"

"మా అత్త చేయి పెట్టింది లేవ్వా, పులవక ఏమైతాది!"

ఆ నవ్వులు వింటూ శఠగోపం కోవెల మెట్ల మీద కాసేపు నిలబడేవాడు. శనివారం ఆయనకు ఇష్టమైన రోజు.

ఆ ఎండాకాలం చెరువులు నెర్రెలు విచ్చినాయి. అన్ని ఊళ్లలోనూ పాలు తగ్గినాయి. ఒక గురువారం డెయిరీ సూపర్‌వైజరు ధనంజయ మోటారు సైకిలు మీద వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. మంచివాడే. చెప్పలేక చెప్పినాడు.

"సామీ, శుక్రవారం వ్యాను నాలుగు మైళ్లు లోపలికి వచ్చి ఊరికే పోతా ఉండాది. పైవాళ్లు అడుగుతా ఉండారు. ఇంక మూడు శుక్రవారాలు సూస్తారంట. ఒక్క క్యానన్నా నిండకపోతే ఈ ఊరిని దారిలోంచి తీసేస్తారు."

"శుక్రవారాలు మాత్రం వ్యాను రాకుండా చేస్తే సరిపోదా అప్పా?"

"అదీ అడిగినాను. మీ ఊరికి ఒప్పుకుంటే పది ఊళ్లూ అడుగుతాయంట. వస్తే దినామూ వస్తాది, లేకుంటే లేదు." ధనంజయ గొంతు తగ్గించినాడు. "మీకేమి సామీ, ఒక్క మాట చాలు. మూపురం లేని ఆవు పాలు దేవుడికి పెట్టి ఊరి నోరు మూయించలేదా? అట్లనే శుక్రవారం పోస్తే తప్పు లేదని చెప్పండి."

"ఆ పొద్దు నాకు నమ్మకం ఉండింది" అన్నాడు శఠగోపం. "ఈ పొద్దు లేదు. లేనిదాన్ని స్వామి పేరు పెట్టి ఎట్ల చెప్పేది?"

వ్యాను ఆగితే ఏమవుతుందో ఆయనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు మైళ్లు ఎండలో నెత్తిన మోసిన పాలు పూతలపట్టు చేరేసరికి విరుగుతాయి. అమ్ముడుపోని పాలకు పిండి ఎవరు కొంటారు? ఆరు నెలల్లో ఇరవై ఆవులూ సంతకు పోతాయి. తొమ్మిదేళ్లు పలుపు పట్టుకొని నడిచిన కాళ్లు ఆ రోజు ఆయనకు బరువుగా తోచినాయి.

ఇంట్లో భార్య కల్యాణవల్లి పెరటి ఆవు పాలు తోడు పెట్టుకునే కుండ కడుగుతోంది. విషయం విని తల ఎత్తలేదు.

"మీరు పొయ్యమంటే పోస్తాను" అంది.

"అనలేకుండా ఉన్నాను."

"మీరు అనరని తెలిసే చెప్పినాను" అంది. కాసేపటికి చేతులు తుడుచుకొని వచ్చి, ఆయన మడమల పగుళ్లకు ఆముదం రాసింది. ఇద్దరూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వ్యాను సంగతి ఉన్నదున్నట్టు కేంద్రం దగ్గర అందరికీ చెప్పినాడు. తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. మొదటి శుక్రవారం మునిరత్నమ్మ ఒక్కతే బిందె పట్టుకొని వచ్చింది. వీధి అరుగుల మీద ఆడవాళ్లు పనులు ఆపి చూస్తున్నారు. ఆమె గబగబా పోసి, కొలత కూడా చూడకుండా వెళ్లిపోయింది. మరునాడు పాలు పితుకుతుంటే ఆవు తన్నింది. బిందె బోర్లాపడింది. రోజూ తన్నే ఆవే అది.

"సూస్తివా? లక్ష్మి తన్నేసి పాయె!" అన్నారు.

"మీ ఆవులు తన్నవా? మీ మొగుళ్లు తన్నరా?" అని మునిరత్నమ్మ ఎదురు కొట్టిందే గానీ, రెండో శుక్రవారం రాలేదు. శఠగోపం ఖాళీ క్యానుల పక్కన కూర్చున్నాడు. వ్యాను వచ్చింది, దుమ్ము లేపి వెనక్కి తిరిగింది. డ్రైవరు మూత తెరిచి చూడను కూడా లేదు. సామి నొచ్చుకుంటాడని కాబోలు.

మూడో శుక్రవారానికి ముందు రోజు మిట్టమధ్యాహ్నం ఆయన తువ్వాలు నెత్తిన వేసుకొని తాయమ్మ ఇంటికి బయలుదేరినాడు.

తాయమ్మకు డెబ్భై దాటి ఉంటాయి. ఊళ్లో ఏ ఆవుకు దూడ అడ్డం తిరిగినా ఆమె చేయే దిక్కు. సగం ఊరి పశువులు ఆమె చేతుల్లో పుట్టినవే. ఆవు సంగతిలో ఆడవాళ్లు మొగుడి మాట దాటినా ఆమె మాట దాటరు. ఆమె పోస్తే పోస్తారు, వద్దంటే మానుతారు. ఇది శఠగోపానికి మొదటి నుంచీ తెలుసు. తెలిసీ రెండు వారాలు ఆ ఇంటి వైపు పోలేదు. ఎందుకంటే తాయమ్మ ఆవు పోయిన వేసవిలో చచ్చిపోయింది. కొడుకులు లేరు. శనివారం నాలుగిళ్లలో పోసే మజ్జిగను కుండలో దాచుకొని, రాగి అంబలిలో కలుపుకొని, బుధవారం దాకా ఈడ్చుకొస్తుంది. శుక్రవారం పాలు క్యానులోకి పోతే శనివారం మజ్జిగ ఉండదు.

ఆమె నీడలో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. ఆయన్ను చూసి లేవబోయి, మోకాళ్లు పట్టుకొని మళ్లీ కూర్చుంది.

"ఇంత ఎండలో వస్తివే సామీ! ఎవురింట్లో ఆవు నొప్పులు పడతా ఉండాది?"

"ఎవరింట్లోనూ లేదు తాయమ్మా."

చాప విదిలించి వేసింది. తన ఇంట నీళ్లు ఆయన తాగడని ఆమెకు తెలుసు. అందుకని విసనకర్ర తీసి, కొంగుతో తుడిచి, ఆయన ముందు పెట్టింది. తాను అటు తిరిగి గింజలు తీస్తూ, ఆయన ఊపిరి సర్దుకునేదాకా ఏమీ అడగలేదు. ఆ మర్యాదకు శఠగోపానికి కళ్లు చెమర్చినాయి. మాట మరింత కష్టమైంది.

"వ్యాను సంగతి వినే ఉంటావు."

"విన్నా. రేపటితో సరి అంట గదా." ఆమె ఒక గింజను దూరంగా విసిరింది. "దానికి నన్నేమి సేయమంటావు సామీ? నాకు పాడి లేదు, పంట లేదు. నీ మాదిరి దేవుడితో మాట్లాడేదాన్నీ కాదు."

"నేను మాత్రం ఏం మాట్లాడినాను? రెండు వారాలుగా అడుగుతా ఉన్నాను. ఆయన పలకలేదు."

తాయమ్మ పండ్లు లేని నోటితో నవ్వింది. "ఆయప్ప కూడా ఆడోళ్లకు భయపడినాడు సూడు!"

శఠగోపం కూడా నవ్వబోయినాడు గానీ నవ్వు రాలేదు. విసనకర్ర కింద పెట్టి, చేతులు ఒళ్లో ముడుచుకొన్నాడు. ముప్పై ఏళ్లుగా జనం ఆయన ముందు చేతులు జోడించడమే గానీ, ఆయన ఒకరి గడపలో అట్లా కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"తాయమ్మా, తప్పు లేదని నేను చెప్పలేను. నాకు తెలియదు. తప్పైతే ఆ మాట అడిగినవాణ్ణి నేను, ఆయన ముందు చెప్పుకుంటాను. పోస్తే నీ శనివారం మజ్జిగ పోతుందనీ తెలుసు. మా ఇంట్లో ఉన్నంతలో నీ చెంబులో పోయిస్తాను, అది నాలుగిళ్ల మజ్జిగకు సాటి రాదు. అన్నీ తెలిసే అడుగుతా ఉన్నాను. రేపు పొద్దున ఒక్క పూట కేంద్రం కాడికి వచ్చి నిలబడు. నువ్వుంటే మునిరత్నమ్మ మళ్లీ బిందె తెస్తుంది. ఆ పాలు నీ చేత్తో క్యానులో పొయ్యి తల్లీ."