బావి కాదు, దొరువు

2018 వేసవి మొదట్లో మా సీస్మిక్ సర్వే క్యాంపు రేపల్లె నుంచి బాపట్లకు మారింది. నేను అందులో పర్మిట్ మ్యాన్‌ని. అంటే డ్రిల్లింగ్ వాళ్లకంటే రెండు రోజుల ముందు పొలాల్లోకి వెళ్లి, రైతులకు నచ్చజెప్పి, సంతకాలు పెట్టించుకొచ్చే మనిషిని. మాది తెనాలి. రోజూ రైల్లో వచ్చి పోయేవాణ్ణి. కాంట్రాక్టు ఉద్యోగమే అయినా సైటులో నాకు బాగానే గౌరవం ఉండేది. ఆ గౌరవం ఎంత చవకదో ఈ కథలో తెలుస్తుంది.

భూమి కింద చమురు, గ్యాస్ ఉన్నాయా అని వెతకడానికి ముందు నేలను తట్టి వింటారు. పొలంలో సన్నగా, లోతుగా రంధ్రం తవ్వి, అడుగున మందుగుండు పెట్టి పేలుస్తారు. దాన్ని షాట్ హోల్ అంటారు. ఆ అదురు లోపలి పొరలకు తగిలి తిరిగి వస్తుంటే పైన పరిచిన జియోఫోన్లనే పరికరాలు పట్టుకుంటాయి. తర్వాత రంధ్రాన్ని బంకమట్టితో పూడ్చాలి, లేకపోతే అడుగు నీళ్లు ఆ దారిన పైకెక్కి పై నీళ్లలో కలుస్తాయి. ఇదంతా చూసేందుకు ఢిల్లీలో ఒక కేంద్ర సంస్థ ఉంది. దేశాన్ని బ్లాకులుగా విడగొట్టి కంపెనీలకు ఇచ్చేదీ, నిబంధనలు పెట్టేదీ, పాటిస్తున్నారో లేదో తనిఖీ చేసేదీ అదే. ఆ నిబంధనల్లో ఒకటి నా చేతి మీదుగా నడిచేది. షాట్ హోల్‌కు వంద మీటర్ల లోపు బావులు, బోర్లు ఉంటే ఫారంలో రాయాలి. రాస్తే పేల్చకముందే ఆ నీటిని సీసాలో పట్టి ల్యాబుకు పంపుతారు, అవసరమైతే రంధ్రాన్ని దూరం జరుపుతారు.

రేపల్లె రైతులు గట్టివాళ్లు. ఒకాయన బోరు నీళ్లే కాదు, గొడ్ల తొట్టిలో నీళ్లు కూడా పట్టించి రసీదు తీసుకున్నాడు. బాపట్ల దాటి సముద్రం వైపు, వాడరేవు దారిలో ఉన్న ఇసక నేలల్లో అలాంటివాళ్లు తక్కువ. ఎక్కువగా అసైన్డు పట్టాల చిన్న చెక్కలే. అక్కడ దీనమ్మ అనే ఆవిడకు అరవై సెంట్లుంది. అరవై దాటిన మనిషి, భర్త లేడు. తోటకూర, గోంగూర, కాసిని కనకాంబరాలు పండించి బాపట్లలో అమ్ముకునేది.

నేను వెళ్లేసరికి ఆవిడ రెండు చేతులా రెండు కుండలతో మడుల మీద నీళ్లు చల్లుతోంది. చుట్టుపక్కల బావులు గానీ బోర్లు గానీ ఉన్నాయా అని అడిగాను.

"లేవండి సాయిబు గారూ. దొరువొకటే ఉంది" అంది.

దొరువంటే ఇసకలో నాలుగైదు అడుగులు తవ్విన ఊటగుంట. ఆ నేలల్లో అడుగున ఉప్పునీళ్లుంటే, వాటి మీద వాన తెచ్చిన మంచినీళ్లు పలచగా తేలి ఉంటాయి. దొరువు ఆ పై పొరను మాత్రమే తీసుకుంటుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. కాలవ నీళ్లు తాగి పెరిగిన తెనాలివాణ్ణి, నా కంటికి అది ఒట్టి గుంట. ఆ రోజు ఇంకా తొమ్మిది సంతకాలు కావాలి. ఫారంలో ‘బావులు, బోర్లు’ అన్న గడిలో ‘లేవు’ అని రాసి ఆవిడతో వేలిముద్ర వేయించాను.

షాట్ హోల్ దొరువుకు నలభై అడుగుల్లో పడింది. బంకమట్టితో పూడ్చినట్టు లాగ్ బుక్కులో ఉంది. ఇసక సీమలో బంకమట్టి కావాలంటే ఎక్కడినుంచో ట్రాక్టరు మీద రావాలి. వచ్చిందో, పైనున్న ఇసకనే లోపలికి తోసేశారో నేను చూడలేదు, అడగనూ లేదు.

రెండు నెలలకు దీనమ్మ క్యాంపుకొచ్చింది. సీసాలో నీళ్లు తెచ్చి తాగి చూడమంది. నోట్లో పోసుకుని ఊసేశాను, ఒట్టి ఉప్పు. మడులన్నీ మాడిపోయాయని, కనకాంబరాలు కూడా పోయాయని చెప్పింది. నాకు ఫారంలోని ఆ గడి గుర్తొచ్చింది. ఆవిడ పేరున నేనే అర్జీ రాసి ఢిల్లీ సంస్థకు పంపించాను. ఎవరూ రారులే అనుకున్నాను. వచ్చారు.

వచ్చిన అధికారి ఉత్తరాది మనిషి, మెత్తగా మాట్లాడతాడు. తెలుగు రాదు. నాకు ఉర్దూ వచ్చు గనక నేనే దుబాసీని. బయలుదేరేముందు మా క్యాంపు మేనేజరు నన్ను పక్కకు పిలిచి, వచ్చే సీజనుకు కాంట్రాక్టు పొడిగించే జాబితా తన దగ్గరే ఉందన్నాడు. ఉన్నది ఉన్నట్టు అనువాదం చేస్తే చాలట, సొంత కవిత్వం వద్దట.

అధికారి మీటరు పెట్టి చూసి, నీళ్లు ఉప్పగా ఉన్నమాట నిజమేనన్నాడు. కానీ ముందు మంచినీళ్లే అనడానికి రుజువేంటని అడిగాడు. దీనమ్మకు ఆ ప్రశ్నే వింతగా ఉంది.

"నలభయ్యేళ్లు ఈ నీళ్లతోనే పండించానండి. ఉప్పునీళ్లకి తోటకూర వచ్చుద్దా?"

ఆ మాట పొల్లు పోకుండా చెప్పాను. ఆయన తలూపాడు గానీ, కాగితం మీద పెట్టడానికి అది చాలదన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి విప్పి చెప్పాడు. సర్వేకి ముందే నీటి వనరు ఉందని ఆవిడ చెప్పి, మా కంపెనీవాళ్లు రాసుకోకపోతే తప్పు కంపెనీది, పరిహారం ఇప్పించే అధికారం తమకుంది. చెప్పకపోతే ఏమీ చెయ్యలేరు. ముందే చెప్పిందా లేదా అని అడగమన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను మేనేజరు వైపు చూశాను. ఆయన ఫోను చూసుకుంటున్నాడు.

ప్రశ్న తెలుగులో అడిగాను. దీనమ్మ తడుముకోకుండా చెప్పింది.

"బావుల్లేవన్నానండి. దొరువుందని కూడా అప్పుడే చెప్పాను. మీకేగా చెప్పింది."

నేను అధికారి వైపు తిరిగి, బావులేమీ లేవని చెప్పిందట సార్ అన్నాను. రెండో ముక్క మింగేశాను. నేను ఆ భాషలో మాట్లాడుతున్నంతసేపూ దీనమ్మ, తన మాటలే వినబడుతున్నట్టు, అవునవునని తలాడిస్తూనే ఉంది. ఆయన అది చూసి రాసుకున్నాడు.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. సర్వేకి ముందు ఏ నీటి వనరునూ తెలియజేయలేదు, తీరంలో ఉప్పదనం సహజం, కారణం నిర్ధారించలేము. ఇంగ్లిషులో ఉన్న ఆ కాగితాన్ని దీనమ్మ నా దగ్గరికే తెచ్చి చదివించుకుంది. తేలలేదంట అమ్మా అని మాత్రం చెప్పాను. ఆవిడ కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

"పోన్లెండి. మీరైతే చెప్పాల్సింది చెప్పారు. ఆయన చెవికే ఎక్కలేదు" అంది.

నా కాంట్రాక్టు పొడిగించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత ప్రతి ఫారంలోనూ దొరువు, ఊటగుంట, చెలమ అన్నీ అంచుల్లో రాస్తూ వచ్చాను. ఆఫీసులో టైపు చేసేటప్పుడు గడిలో లేనివని తీసేసేవాళ్లు. ఫారం చేసినవాళ్లను, ఢిల్లీని, మేనేజర్ని ఎన్నాళ్లో తిట్టుకున్నాను. అందరిలోనూ తప్పుంది, తిలాపాపం తలా పిడికెడు. కానీ ఆ రోజు ఆ ఇసకలో ఆమె మాట, ఆయన చెవి, మధ్యలో నా నోరు తప్ప ఇంకేమీ లేవు. పై సంస్థ ఎన్ని తనిఖీలైనా పెట్టనీ, చివరికి అంతా నాలాంటివాడు నోరు తెరవడం మీదే ఆధారపడుతుందని, నేను తెరవనివాణ్ణని ఆ కేసు నాకు నేర్పింది.

దీనమ్మ ఇప్పుడు చీరాల వైపు కూలికి పోతోంది. బాపట్ల స్టేషన్లో ఎప్పుడైనా ఎదురుపడితే క్యారేజీ కింద పెట్టి మరీ రెండు చేతులూ జోడిస్తుంది. "వందనాలండి సాయిబు గారూ" అంటుంది. నేను ఆ వందనాలు తీసుకుంటున్నాను.