నమ్మకం లేక కాదమ్మా

మా మామకు నోటి నిండా నమ్మకమే. మనుషుల మీద మాత్రం చిటికెడు కూడా ఉండేది కాదు. పాలామె చెంబు దించగానే, నమ్మకం లేక కాదమ్మా అంటూ పాలలో వేలు ముంచేవాడు. నా మొగుడు ఉత్తరం చదివి వినిపిస్తే, నమ్మకం లేక కాదంటూనే మళ్లీ మొదటినుంచి చదివించేవాడు. ఆదోనిలో పత్తి మిల్లు పక్క సందులో పెరిగిన నాకు భరోసా అన్న మాట తెలుసు. అక్కడ ఒకరి మీద భరోసా పెడితే ఇక వెనక్కి తిరిగి చూసేవాళ్లు కాదు. ఎమ్మిగనూరు కోడలినయ్యాకే తెలిసింది, నమ్మకం అన్న మాట వినబడితే తనిఖీ మొదలైనట్టేనని. విశ్వాసం అన్న మాటను మామ వాకిట్లో కుక్కకు తప్ప వాడలేదు. అందులో మా అత్తకు కూడా వాటా లేదు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది మా చెల్లెలి పెళ్లి కుదిరింది. పెళ్లిచీర తన చేత్తోనే నేసి ఇస్తానని మామ మా నాన్నకు మాట ఇచ్చాడు. ముప్పాతిక చీర అయ్యేసరికి ఆయన కళ్లకు మసకలు కమ్మాయి. పెళ్లికి ఇంకా వారమే ఉంది. నా మొగుడికి తన మగ్గం మీదే ఊపిరాడని పని. ఇచ్చిన మాట పోతుందని మామకు అన్నం సయించలేదు. నేను నేస్తానన్నాను. మగవాళ్లు భోజనాలకు లేచినప్పుడల్లా మగ్గం గుంటలో దిగి నేర్చుకున్న దొంగవిద్య నాది.

"నమ్మకం లేక కాదమ్మా, నేను పక్కనే కూసుంటా," అన్నాడు మామ.

కూర్చున్నాడు. జానెడు నేస్తే చాలు, బట్టంతా వేళ్లతో తడిమి చూసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా అంచులో పోగు తెగింది. మూరెడు నేశాక గానీ నేను చూసుకోలేదు. మామ లేచి, ఎప్పటిలాగే తడిమి, బాగుందన్నాడు. నాలుగు రోజులుగా నా ప్రాణం తీసిన వేళ్లకు అది దొరకనే లేదు! లోపల ఎంత సంబరపడ్డానో. అంతలోనే గుర్తొచ్చింది, ఆ చీర కట్టుకునేది నా చెల్లెలు.

"మామా, అంచులో పోగు తెగింది. మూరెడు చెడింది. నీ సేతికి దొరకలే."

తిడతాడనుకున్నాను. ఆయన తన వేళ్లకేసి కాసేపు చూసుకున్నాడు.

"ఇప్పి మళ్లా నెయ్యి. నేను అరుగు మీద ఉంటా," అని లేచిపోయాడు. నమ్మకం ఊసే ఎత్తలేదు.

పీడ విరగడైందనుకున్నాను. బెత్తెడు నేశానో లేదో భయం పట్టుకుంది. నేసిందంతా వేళ్లతో తడిమాను. మళ్లీ తడిమాను. చీర పూర్తయ్యేదాకా అదే పని.

పెళ్లిలో మా నాన్న చీరను మెచ్చుకుంటే, మామ నలుగురికీ వినబడేలా చెప్పాడు.

"నా కోడలు నేసింది. నేను తడిమి సూడలే."

అందరూ పీటల మీది పెళ్లికూతురి మొహం చూశారు. నేను మాత్రం తాళి కట్టేదాకా అంచే చూస్తూ కూర్చున్నాను.